స్కాట్లాండు ఆర్థికాభివృద్ధిలో గేలిక్ భాష, కళలు, సంస్కృతి

స్కాట్లాండు వాయవ్య భాగంలోని కొండసీమలోను, పడమటి దీవులలోను తరతరాలుగా వాడుకలో ఉన్న భాష '''గేలిక్'''. ఈ భాషను ఆశ్రయించుకొని పెరిగిన పాట, కథ, వాద్యసంగీతం, నేత వంటి కళలు ఆ ప్రాంతపు ఆర్థికాభివృద్ధికి సాధనాలు కాగలవనే అభిప్రాయం 20వ శతాబ్దపు చివరి భాగంలో బలపడింది. అంతకు ముందు రెండు శతాబ్దాలపాటు గేలిక్ భాషను వెనుకబాటుతనానికి గుర్తుగా, అభివృద్ధికి ఆటంకంగా పరిగణించేవారు. 1970ల నుండి ఈ ఆలోచనలో మార్పు వచ్చింది. గేలిక్ మాధ్యమ విద్య, రేడియో, టెలివిజన్, సంగీతోత్సవాలు, పుస్తక ప్రచురణ, పర్యాటకం వంటి రంగాలలో భాష ఆధారంగా ఉద్యోగాలు ఏర్పడ్డాయి. అయితే గేలిక్ ఆధారంగా జరిగే ఆర్థిక కార్యకలాపాలు పెరిగినంత మాత్రాన ఆ భాష పుట్టినచోట బ్రతికి ఉంటుందా అనే ప్రశ్నకు ఇంకా సమాధానం దొరకలేదు.

(ఈ వ్యాసంలో "గేలిక్" అనగా స్కాట్లాండు గేలిక్. ఐర్లాండులోని సోదరభాషను "ఐరిష్" అని పేర్కొనడం జరిగింది.)

== నేపథ్యం ==

=== భాష, ప్రాంతం ===

గేలిక్ ఇండో-యూరోపియన్ భాషా కుటుంబంలోని కెల్టిక్ శాఖకు చెందినది. ఐరిష్, మాంక్స్ భాషలు దీనికి అతి దగ్గరివి. సుమారు 1500 సంవత్సరాల క్రితం ఐర్లాండు నుండి వచ్చినవారి ద్వారా ఈ భాష స్కాట్లాండులో స్థిరపడింది. 11వ శతాబ్దం నాటికి స్కాట్లాండులో చాలా భాగాన ఇదే వ్యవహారంలో ఉండేది. తరువాత క్రమంగా వెనుకకు తగ్గి, ఉత్తర, పశ్చిమ ప్రాంతాలలోని కొండసీమకు (హైలాండ్స్), హెబ్రిడీస్ దీవులకు పరిమితమయింది. ఈనాడు గేలిక్ ఎక్కువగా వినిపించే ప్రాంతాలు లూయిస్, హారిస్, ఉత్తర యూయిస్ట్, దక్షిణ యూయిస్ట్, బారా మొదలైన పడమటి దీవులు, స్కై దీవి. వలసల కారణంగా గ్లాస్గో నగరంలో కూడా గేలిక్ మాట్లాడేవారు గణనీయంగా ఉన్నారు.

ఇది కొండలు, బీడుభూములు, చిత్తడి నేలలు, సముద్రపు పాయలతో నిండిన సీమ. వ్యవసాయానికి అనువైన నేల తక్కువ. చిన్న కమతాల సాగు, గొర్రెల పెంపకం, చేపలవేట, నేత ఇక్కడి ప్రజల సాంప్రదాయిక వృత్తులు. ఏ ఒక్క వృత్తీ సంవత్సరమంతా కుటుంబాన్ని పోషించలేదు కనుక ఒకే మనిషి రెండు మూడు పనులు చేయడం ఇక్కడ సాధారణం.

=== క్షీణతకు కారణాలు ===

1746లో కలోడెన్ యుద్ధంలో జాకోబైట్ తిరుగుబాటుదారులు ఓడిపోయిన తరువాత కొండసీమలోని వంశనాయకుల వ్యవస్థ విచ్ఛిన్నమయింది. 18వ శతాబ్దపు రెండవ భాగం నుండి 19వ శతాబ్దం మధ్య వరకు భూస్వాములు గొర్రెల పెంపకం కోసం వేలాది కౌలు కుటుంబాలను భూములనుండి వెళ్ళగొట్టారు. వారిలో కొందరు సముద్రతీరపు చిన్న కమతాలకు, కొందరు గ్లాస్గో వంటి పారిశ్రామిక నగరాలకు, మరికొందరు కెనడా, ఆస్ట్రేలియాలకు తరలిపోయారు. 1872లో వచ్చిన విద్యాచట్టం పిల్లలకు నిర్బంధ విద్యను ఏర్పాటు చేసింది కాని అందులో గేలిక్ ప్రస్తావనే లేదు. బడిలో ఇంగ్లీషు, ఉద్యోగానికి ఇంగ్లీషు, పట్నానికి వెళ్ళడానికి ఇంగ్లీషు అనే పరిస్థితిలో తల్లిదండ్రులే పిల్లలతో గేలిక్ మాట్లాడటం మానుకొన్నారు. పిల్లల బాగుకోసమే అలా చేస్తున్నామని వారు నమ్మారు.

1891 జనాభా లెక్కలలో సుమారు 2,54,000 మంది గేలిక్ మాట్లాడేవారు ఉండగా, 1991 నాటికి ఆ సంఖ్య 65,978కి పడిపోయింది.

== దృక్పథంలో మార్పు ==

1965లో బ్రిటిష్ ప్రభుత్వం కొండసీమ, దీవుల అభివృద్ధి కోసం ఒక ప్రత్యేక మండలిని (హైలాండ్స్ అండ్ ఐలాండ్స్ డెవలప్‌మెంట్ బోర్డు) ఏర్పాటు చేసింది. జనం వలసపోకుండా ఆపడం దీని ముఖ్య ఉద్దేశం. మొదటి సంవత్సరాలలో ఈ మండలి పరిశ్రమలు, చేపలవేట, పర్యాటకం వంటి వాటిపైనే దృష్టి పెట్టింది, భాషను పెద్దగా పట్టించుకోలేదు.

మార్పుకు తొలి గుర్తులు వేరేచోట కనిపించాయి. 1972లో ఇయన్ నోబుల్ అనే బ్యాంకు వ్యాపారి స్కై దీవి దక్షిణ భాగంలోని స్లీట్ ద్వీపకల్పంలో విశాలమైన భూమిని కొన్నాడు. జన్మతః గేలిక్ మాట్లాడేవాడు కాకపోయినా ఆయన ఆ భాషను నేర్చుకొన్నాడు. కొద్దిమందే మాట్లాడే తమ భాషను నిలుపుకొంటూనే ఆర్థికంగా నిలదొక్కుకొన్న ఫారో దీవుల ఉదాహరణ ఆయనను ఆకర్షించింది. ఆత్మవిశ్వాసం లేని సమాజంలో పెట్టుబడి ఒక్కటే పనిచేయదని, ఆ విశ్వాసానికి మూలం భాషలో ఉన్నదని ఆయన వాదం. రోడ్డు వెడల్పు చేయడానికి తన భూమి అవసరమైనపుడు, గేలిక్‌లో కూడా దారి ఫలకాలు పెట్టాలనే షరతుపై ఆయన భూమి ఇచ్చాడు. 1973లో ఆయన చొరవతో ఒక పాత కొట్టంలో '''సాల్ మోర్ ఓస్టగ్''' అనే కళాశాల మొదలయింది. ఈ పేరుకు "ఓస్టగ్ లోని పెద్ద కొట్టం" అని అర్థం.

1975లో పడమటి దీవులకు ప్రత్యేక స్థానిక పాలనామండలి ఏర్పడింది. ఇది మొదటి నుండి ద్విభాషా విధానాన్ని అనుసరించింది. 1982లో అభివృద్ధి మండలి కోసం గేలిక్ స్థితిగతులపై ఒక నివేదిక తయారయింది. దాని ఫలితంగా 1984లో '''కొమున్ న గాలిక్''' అనే భాషాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1991లో అభివృద్ధి మండలి స్థానంలో '''హైలాండ్స్ అండ్ ఐలాండ్స్ ఎంటర్‌ప్రైజ్''' అనే సంస్థ వచ్చింది. ఈ విధంగా ఇరవై ఏళ్ళలో గేలిక్ అభివృద్ధి సంస్థల ప్రణాళికలలోకి ప్రవేశించింది.

== భాష ఆర్థికాభివృద్ధికి తోడ్పడే విధానం ==

భాష, కళలు ఆర్థిక వ్యవస్థకు తోడ్పడే మార్గాలను సాధారణంగా ఈ క్రింది విధంగా విభజిస్తారు.

* '''ప్రత్యక్ష ఉపాధి''': ఉపాధ్యాయులు, ప్రసారకులు, అనువాదకులు, రచయితలు, సంగీతకారులు, భాషాధికారులు వంటి గేలిక్ వస్తేనే చేయగలిగిన ఉద్యోగాలు.
* '''స్థానికంగా తిరిగే ధనం''': దీవిలో ఉద్యోగం చేసే వ్యక్తి తన జీతంలో కొంత అక్కడి అంగడిలోనే ఖర్చు చేస్తాడు. ఒక ఉద్యోగం పరోక్షంగా మరికొన్ని జీవనాధారాలకు తోడ్పడుతుంది. జనాభా తక్కువగా ఉన్న గ్రామంలో ఇటువంటి పది కుటుంబాలుంటే బడి, తపాలా కార్యాలయం, దుకాణం మూతపడకుండా నిలబడవచ్చు.
* '''ప్రత్యేకత''': ఉన్ని బట్ట, విస్కీ, సంగీతం, విహారయాత్ర ఎక్కడైనా దొరుకుతాయి. గేలిక్ పేరు, గేలిక్ చరిత్ర వాటికి వేరెక్కడా లేని గుర్తింపును ఇస్తాయి.
* '''సందర్శకులు''': ఉత్సవాలకు, వేసవి పాఠశాలలకు వచ్చేవారు బస, భోజనం, ప్రయాణాలకు ఖర్చు చేస్తారు.
* '''ఆత్మవిశ్వాసం''': తమ ఊరికి, తమ మాటకు విలువ ఉన్నదని నమ్మే యువకులు ఊరిలోనే ఉండటానికి లేదా చదువు ముగించుకొని తిరిగి రావడానికి ఇష్టపడతారు. దీనిని లెక్కగట్టడం కష్టం. కాని వలసల వలన నష్టపోయిన ప్రాంతానికి అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే.

అల్పసంఖ్యాక భాషల ఆర్థిక విషయాలపై పరిశోధన చేసిన స్విట్జర్లాండు ఆర్థికవేత్త ఫ్రాంస్వా గ్రాం ప్రకారం ఒక భాష వాడుకలో నిలవడానికి మూడు అవసరం: ఆ భాష వచ్చి ఉండటం, దానిని వాడే అవకాశం ఉండటం, వాడాలనే కోరిక ఉండటం. ఉద్యోగాలు, కళలు రెండవదానిని, మూడవదానిని పెంచగలవు.

== ముఖ్యమైన రంగాలు ==

=== విద్య ===

సాల్ మోర్ ఓస్టగ్ కళాశాలలో 1983లో పూర్తికాలపు కోర్సులు ప్రారంభమయ్యాయి. వాటిలో మొదటిది భాషా సాహిత్యాల కోర్సు కాదు. గేలిక్ మాధ్యమంలో వ్యాపార నిర్వహణను, గేలిక్ సీమ అధ్యయనాన్ని కలిపి బోధించిన కోర్సు అది. స్థానిక ఆర్థిక వ్యవస్థకు పనికివచ్చే మనుషులను ఆ భాషలోనే తయారు చేయాలన్నది దీని ఉద్దేశం. ప్రస్తుతం ఈ కళాశాల హైలాండ్స్ అండ్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో భాగం. 2011లో ఈ విద్యాసంస్థకు విశ్వవిద్యాలయ హోదా లభించింది. కళాశాల రాకతో స్లీట్ ప్రాంతానికి విద్యార్థులు, అధ్యాపకులు, మాధ్యమ సంస్థలు వచ్చాయి. అంతకు ముందు తగ్గుతూ వచ్చిన అక్కడి జనాభా పెరగడం మొదలుపెట్టింది.

గేలిక్ మాధ్యమంలో ప్రాథమిక విద్య 1985లో గ్లాస్గో, ఇన్వర్నెస్ నగరాలలో ఒక్కొక్క పాఠశాలతో ఆరంభమయింది. 2006లో గ్లాస్గోలో శిశుతరగతుల నుండి ఉన్నత తరగతుల వరకు పూర్తిగా గేలిక్‌లో బోధించే పాఠశాల తెరవబడింది. పాఠ్యపుస్తకాలు, బోధనోపకరణాలు తయారు చేయడానికి 1999లో లూయిస్ దీవిలో '''స్టోర్లాన్''' అనే సంస్థ ఏర్పడింది. దేశమంతటి గేలిక్ బడులకు కావలసిన సామగ్రి తయారీ పని ఆ విధంగా దీవికి చేరింది.

=== రేడియో, టెలివిజన్ ===

గేలిక్ ఆధారిత ఉపాధిలో పెద్ద మార్పు తెచ్చినది ప్రసార రంగం. 1985లో బి.బి.సి. గేలిక్ రేడియో సేవ రేడియో నన్ గేల్ అనే పేరుతో రూపుదిద్దుకొన్నది. 1990 ప్రసారాల చట్టం ద్వారా గేలిక్ టెలివిజన్ కార్యక్రమాల కోసం ప్రభుత్వం 80 లక్షల పౌండ్ల నిధిని ఏర్పాటు చేసింది. ఆ నిధిని నిర్వహించే సంఘం కార్యాలయాన్ని రాజధానిలో కాక లూయిస్ దీవిలోని స్టోర్నోవే పట్టణంలో నెలకొల్పారు. 1993లో ప్రసారం మొదలైన "మాహిర్" అనే ధారావాహిక లూయిస్‌లో చిత్రీకరించబడింది. ఇంగ్లీషు ఉపశీర్షికలు ఉండటం వలన, గేలిక్ వచ్చినవారి సంఖ్యకు ఎన్నో రెట్లు ఎక్కువమంది దీనిని చూశారు.

2003 కమ్యూనికేషన్ల చట్టం ద్వారా ఏర్పడిన గేలిక్ మాధ్యమ సంస్థ '''ఎం.జి. ఆల్బా''' పేరుతో పనిచేస్తున్నది. దీని ప్రధాన కార్యాలయం స్టోర్నోవేలో ఉంది. ఈ సంస్థ, బి.బి.సి. కలిసి 2008 సెప్టెంబరు 19న '''బి.బి.సి. ఆల్బా''' ఛానల్‌ను ప్రారంభించాయి. ఆల్బా అనగా గేలిక్‌లో స్కాట్లాండు అని అర్థం. 2011లో ఈ ఛానల్ సాధారణ డిజిటల్ టెలివిజన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఫుట్‌బాల్ ఆటలు, సంగీత కార్యక్రమాల కోసం గేలిక్ రానివారు కూడా దీనిని చూస్తారు. కార్యక్రమాలలో అధికభాగం స్వతంత్ర నిర్మాణ సంస్థలు తయారు చేయడం వలన ఛాయాగ్రాహకులు, ఎడిటర్లు, రచయితలు, నటులకు దీవులలోనే పని దొరికే అవకాశం కలిగింది. 2014లో మొదలైన "బన్నన్" ధారావాహికను స్కై దీవిలో నిర్మించారు. 2025 జనవరిలో ప్రసారమైన నాలుగు భాగాల నేరపరిశోధన కథ "అన్ తేలన్" గేలిక్ నాటకాలలో భారీ వ్యయంతో తీసినది. దీనిని హారిస్ దీవిలో చిత్రీకరించారు.

=== సంగీతం, ఉత్సవాలు ===

గేలిక్ సంప్రదాయంలో '''కేలీ''' అంటే సాయంకాలాన ఇరుగుపొరుగువారు ఒక ఇంట్లో చేరి పాటలు, కథలు, వాద్యాలతో గడపడం. ఆ వాడుక నుండే నేటి ఉత్సవాలు పెరిగాయి. ముఖ్యమైనవి:

* '''రాయల్ నేషనల్ మోడ్''': గేలిక్ పాటల, సాహిత్యపు పోటీల జాతీయ ఉత్సవం. 1891లో ఏర్పడిన అన్ కొమున్ గేలచ్ సంఘం దీనిని నిర్వహిస్తున్నది. మొదటి ఉత్సవం 1892లో ఓబన్ పట్టణంలో జరిగింది. ప్రతి సంవత్సరం అక్టోబరు నెలలో ఒక్కొక్క ఊరిలో జరుగుతుంది. 2023లో పేస్లీలోను, 2024లో ఓబన్‌లోను జరిగింది. పర్యాటకుల రాక తగ్గే కాలంలో జరగడం వలన ఆతిథ్యమిచ్చే ఊరిలోని వసతిగృహాలకు, భోజనశాలలకు ఇది లాభదాయకం.
* '''ఫేష్ ఉద్యమం''': 1981లో బారా దీవిలో పిల్లలకు పాట, వాద్యం, నాట్యం నేర్పడానికి ఒక వారంపాటు జరిపిన ఉత్సవంతో మొదలయింది. ఇతర ఊర్లు దీనిని అనుసరించాయి. ఈ స్థానిక ఉత్సవాలన్నిటికీ ఒక ఉమ్మడి సంస్థ 1988లో ఏర్పడింది. ఇక్కడ నేర్చుకొన్న పిల్లలలో చాలామంది వృత్తి సంగీతకారులు, సంగీతోపాధ్యాయులు అయ్యారు.
* '''కెల్టిక్ కనెక్షన్స్''': 1994 నుండి ప్రతి జనవరిలో గ్లాస్గోలో జరిగే సంగీతోత్సవం.
* '''హెబ్రిడియన్ కెల్టిక్ ఉత్సవం''': 1996 నుండి వేసవిలో స్టోర్నోవేలో జరుగుతున్నది.
* '''క్యోలస్''': 1996లో దక్షిణ యూయిస్ట్ దీవిలో మొదలైన వేసవి సంగీత పాఠశాల. దీని కృషి ఫలితంగా డాలిబర్గ్ గ్రామంలో 2022లో శాశ్వతమైన సంగీత, భాషా కేంద్రం ప్రారంభమయింది. వేసవిలో ఒక వారంపాటు ఉండిన కార్యక్రమం సంవత్సరమంతా ఉపాధి కల్పించే సంస్థగా మారింది.

గేలిక్ పాట వాణిజ్య సంగీత రంగంలోను చోటు సంపాదించుకొన్నది. స్కై దీవిలో 1973లో పుట్టిన రన్‌రిగ్ బృందం గేలిక్ పాటలను రాక్ సంగీతంలోకి తెచ్చింది. ఈ బృందం 2018లో చివరి కచేరీ చేసింది. 1992లో కేపర్‌కేలీ బృందం పాడిన ఒక సాంప్రదాయిక గేలిక్ పాట బ్రిటన్ మొదటి నలభై పాటల జాబితాలో చేరిన తొలి గేలిక్ పాటగా నిలిచింది. ఉత్తర యూయిస్ట్‌కు చెందిన గాయని జూలీ ఫౌలిస్ 2012లో వచ్చిన "బ్రేవ్" అనే యానిమేషన్ చిత్రంలో పాడింది.

స్టోర్నోవేలోని '''అన్ లాంటర్''' కళాకేంద్రం 1985లో మొదలయింది. 2005లో దీనికి కొత్త భవనం నిర్మించారు. ప్రదర్శనశాల, నాటకశాల, భోజనశాల అన్నీ ఒకేచోట ఉన్న ఈ కేంద్రం పట్టణానికి వచ్చే సందర్శకులకు ముఖ్య ఆకర్షణ.

=== హారిస్ ట్వీడ్ నేత ===

హారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్ట పడమటి దీవుల ప్రసిద్ధ ఉత్పత్తి. 1993లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం ప్రకారం ఆ దీవులలోనే రంగువేసి, వడికి, దీవుల ప్రజలు తమ ఇళ్ళలోనే మగ్గంపై నేసి, అక్కడే తుది మెరుగులు దిద్దిన బట్టకు మాత్రమే ఈ పేరు చెల్లుతుంది. నేసేవారు కర్మాగారానికి వెళ్ళరు, నూలే నేతగాని ఇంటికి వస్తుంది. అందువలన నేతను కమతపు పనులతో కలిపి చేసుకొనే వీలున్నది.

ఈ పరిశ్రమకు, గేలిక్ పాటకు పాత సంబంధం ఉంది. నేసిన బట్ట దళసరిగా కావడానికి పూర్వం స్త్రీలు ఒక బల్ల చుట్టూ కూర్చుని తడిబట్టను లయబద్ధంగా కొడుతూ పాడేవారు. యంత్రాల రాకతో ఆ పని పోయినా పాటలు నిలిచాయి. నేడు అవి కచేరీ వేదికలపై వినిపిస్తాయి. ఒకప్పుడు పనికి తోడుగా ఉన్న పాట, ఇప్పుడు తానే ఒక జీవనాధారమయింది.

=== పర్యాటకం, విస్కీ, వ్యాపార నామాలు ===

స్కాట్లాండు పటంలో కనిపించే బెన్ (కొండ), గ్లెన్ (లోయ), లోఖ్ (సరస్సు) వంటి మాటలన్నీ గేలిక్ నుండి వచ్చినవే. విస్కీ అనే మాట కూడా "జీవజలం" అని అర్థమిచ్చే గేలిక్ పదబంధంలోని మొదటి మాట నుండి పుట్టినదే. అనేక విస్కీల పేర్లు ఊర్ల, లోయల గేలిక్ పేర్లే. ఇయన్ నోబుల్ 1976లో గేలిక్ పేర్లతో విస్కీ అమ్మే సంస్థను స్థాపించాడు. ఆయన మొదట తలపెట్టిన టోరవేగ్ విస్కీ కర్మాగారం ఆయన మరణానంతరం 2017లో స్లీట్‌లో ప్రారంభమయింది.

కొండసీమలో చాలాచోట్ల దారి ఫలకాలు, రైల్వే స్టేషన్ల పేర్లు రెండు భాషలలో ఉంటాయి. 2014లో మొదలైన "అవుట్‌లాండర్" టెలివిజన్ ధారావాహికలో గేలిక్ సంభాషణలు ఉండటంతో ఇతర దేశాలలో ఈ భాషపై ఆసక్తి పెరిగింది. స్కాట్లాండు పర్యాటక సంస్థ 2018-2023 కాలానికి ప్రత్యేకంగా ఒక గేలిక్ పర్యాటక ప్రణాళికను ప్రకటించింది. 2019 నవంబరులో డ్యుయోలింగో అనే భాషాబోధన అనువర్తనంలో గేలిక్ చేరింది. ఆ తరువాత కొద్దికాలానికే నేర్చుకొనేవారి సంఖ్య పది లక్షలు దాటింది. వీరిలో ఎక్కువమంది స్కాట్లాండు వెలుపల ఉన్నవారే.

=== ప్రచురణ ===

1968లో ఏర్పడిన గేలిక్ పుస్తకాల మండలి గ్లాస్గో నుండి రచయితలకు, ప్రచురణకర్తలకు సహాయం చేస్తున్నది. 1977లో స్టోర్నోవేలో స్థాపించబడిన అకర్ సంస్థ పిల్లల పుస్తకాలకు ప్రసిద్ధి. పాఠకులు కొద్దిమందే కావడం వలన ఈ రంగం ప్రభుత్వ సహాయం లేకుండా నడవడం కష్టం.

== అధ్యయనాలు, అంచనాలు ==

గేలిక్ కళల ఆర్థిక ప్రభావాన్ని కొలిచే ప్రయత్నాలు 1990లలో ఊపందుకొన్నాయి. గ్లాస్గో కేలిడోనియన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ స్ప్రౌల్, డగ్లస్ చామర్స్ గేలిక్ కళలకు, సాంస్కృతిక ఉత్పత్తులకు ఉన్న గిరాకీపై 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. పడమటి దీవులు, స్కై ప్రాంతాలపై జరిపిన ఈ అధ్యయనంలో ఎంత ఖర్చు జరిగిందనే లెక్కతో ఆగక, గేలిక్ కళల వలన ఆ ప్రాంతంపై ప్రజల అభిప్రాయం ఎలా మారింది, అక్కడ ఉండిపోవాలనే కోరిక పెరిగిందా అనే విషయాలను కూడా పరిశీలించారు. ఈ కళలు ప్రాంతపు ఆకర్షణను, ప్రజల ఆత్మవిశ్వాసాన్ని పెంచుతున్నాయని ఎక్కువమంది అభిప్రాయపడ్డారు. చామర్స్ ఇదే విషయంపై 2003లో డాక్టరేటు సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. అనంతరం మైక్ డాన్సన్‌తో కలిసి గ్లాస్గో నగరంపై కూడా ఇటువంటి అధ్యయనం చేశాడు.

2014లో హైలాండ్స్ అండ్ ఐలాండ్స్ ఎంటర్‌ప్రైజ్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం స్కాట్లాండు ఆర్థిక వ్యవస్థకు గేలిక్ ఒక ఆస్తిగా సంవత్సరానికి 8 కోట్ల 16 లక్షల పౌండ్ల నుండి 14 కోట్ల 85 లక్షల పౌండ్ల వరకు విలువ చేకూర్చగలదు. ఈ అంకెలను తరచుగా ఉదహరిస్తారు. కాని ఇవి సాధ్యమైన విలువకు అంచనాలే తప్ప జరిగిన అమ్మకాల లెక్కలు కావు. రెండు అంకెల మధ్య ఉన్న దూరమే, భాష విలువను డబ్బులో చెప్పడం ఎంత కష్టమో తెలుపుతున్నది. ఒక పర్యాటకుడు కొండను చూడటానికి వచ్చాడా, పాట వినడానికి వచ్చాడా అని విడదీయడం అంత సులభం కాదు.

== చట్టాలు ==

2005లో స్కాటిష్ పార్లమెంటు గేలిక్ భాషా చట్టం చేసింది. దీని ప్రకారం '''బోర్డ్ న గాలిక్''' అనే సంస్థకు చట్టబద్ధమైన హోదా లభించింది. ప్రభుత్వ సంస్థలు గేలిక్ ప్రణాళికలు తయారు చేయవలసిందిగా కోరే అధికారం దానికి ఇచ్చారు. అందువలన పాలనామండలులు, ఆరోగ్యసంస్థలు, అభివృద్ధి సంస్థలలో గేలిక్ తెలిసిన ఉద్యోగుల అవసరం ఏర్పడింది. 2025లో ఆమోదించిన స్కాట్లాండు భాషల చట్టం గేలిక్, స్కాట్స్ భాషలకు అధికార హోదా కల్పించింది. గేలిక్ ఎక్కువగా వాడే ప్రాంతాలను ప్రత్యేక భాషా ప్రాంతాలుగా గుర్తించే అవకాశాన్ని కూడా ఈ చట్టం కల్పించింది.

== విమర్శలు, పరిమితులు ==

గేలిక్ ఆర్థిక వ్యవస్థ పెరుగుదలపై పలు విమర్శలు ఉన్నాయి. ఎడింబరో విశ్వవిద్యాలయానికి చెందిన విల్సన్ మెక్లౌడ్ 2002లోనే ఈ విషయంపై ఒక వ్యాసం ప్రచురించి, ఉద్యోగాల కల్పనకు, భాషను నిలబెట్టడానికి ఉన్న సంబంధాన్ని ప్రశ్నించాడు. కార్యాలయంలో గేలిక్ వాడే ఉద్యోగి ఇంట్లో పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడితే, ఉద్యోగం నిలిచినా భాష తరువాతి తరానికి అందదు.

జనాభా లెక్కలు ఈ సందేహాన్ని బలపరుస్తున్నాయి.

* స్కాట్లాండులో గేలిక్ మాట్లాడేవారు 2011లో 57 వేలకు పైగా ఉండగా 2022లో 69,701 మంది ఉన్నారు. ఒక శతాబ్దానికి పైగా తగ్గుతూ వచ్చిన సంఖ్య పెరగడం విశేషం.
* గేలిక్‌లో ఎంతోకొంత ప్రవేశం ఉన్నవారు 2011లో సుమారు 87 వేలు, 2022లో 1,30,161 మంది.
* పడమటి దీవులలో మాత్రం గేలిక్ మాట్లాడేవారు 2011లో 52 శాతం ఉండగా 2022లో 45 శాతానికి తగ్గారు. ఆ దీవులలో గేలిక్ మాట్లాడేవారు సగానికంటె తక్కువ కావడం ఇదే మొదటిసారి.

అనగా నేర్చుకొనేవారి వలన నగరాలలో సంఖ్య పెరుగుతుండగా, భాష పుట్టి పెరిగిన ఊర్లలో తగ్గుతున్నది. 2020లో కొన్హూర్ ఓ గిల్లగాన్, ఆయన సహపరిశోధకులు ప్రచురించిన గ్రంథం దీవులలో గేలిక్ సహజ వ్యవహారంలో ఉన్న సమాజంలో సుమారు 11,000 మంది మాత్రమే మిగిలారని అంచనా వేసింది. తగిన చర్యలు లేనిపక్షంలో పదేళ్ళలో గేలిక్ సామాజిక వ్యవహార భాషగా అంతరించవచ్చునని హెచ్చరించింది. ఈ అంచనాపై తీవ్రమైన చర్చ జరిగింది.

ఇతర పరిమితులు:

* '''ప్రభుత్వ నిధులపై ఆధారం''': ప్రసారం, విద్య, ప్రచురణ రంగాలు ఎక్కువగా ప్రభుత్వ సహాయంతో నడుస్తున్నాయి. నిధులు తగ్గితే ఉపాధి తగ్గుతుంది. 1987లో ఏర్పడిన గేలిక్ కళల సంస్థ ప్రోజెక్ట్ నన్ యలన్ సుమారు మూడు దశాబ్దాలు పనిచేసిన పిదప మూతపడింది.
* '''నగరాలకు తరలిపోవడం''': గేలిక్ వచ్చిన పట్టభద్రులకు గ్లాస్గో, ఎడింబరో, ఇన్వర్నెస్ నగరాలలో ఉద్యోగాలు దొరుకుతాయి. పూర్వం ఇంగ్లీషు వారిని ఊరినుండి తీసుకొనిపోగా, ఇప్పుడు గేలిక్ చదువే అందుకు కారణమయ్యే ప్రమాదం ఉంది.
* '''ఇళ్ళ కొరత''': పర్యాటకం పెరగడంతో స్కై, పడమటి దీవులలో అనేక ఇళ్ళు సెలవు నివాసాలుగా, పర్యాటకుల బసలుగా మారాయి. గేలిక్ ఆకర్షణ వలన వచ్చిన లాభమే గేలిక్ కుటుంబాలకు ఇల్లు దొరకని పరిస్థితికి కొంతవరకు కారణమవుతున్నది.
* '''సంప్రదాయ వృత్తుల నిర్లక్ష్యం''': చేపలవేట, కమతాల సాగు, నేత వంటి పనులలో గేలిక్ సహజంగా వినిపించేది. కొత్త గేలిక్ ఉద్యోగాలు ఎక్కువగా చదువుకున్నవారికి సంబంధించినవి.

ఈ విమర్శల ఫలితంగా భాషా విధానాన్ని ఇళ్ళు, నేల, రవాణా, ఉపాధి విషయాలతో కలిపి చూడాలనే వాదం బలపడింది. ఈగ్ దీవిని 1997లోను, దక్షిణ యూయిస్ట్‌లోని పెద్ద భూఖండాన్ని 2006లోను అక్కడి ప్రజలే సామూహికంగా కొనుగోలు చేయడాన్ని ఈ దిశలో ముఖ్యమైన పరిణామంగా పేర్కొంటారు. గేలిక్ ద్వారా లభించగల ఆర్థిక, సామాజిక అవకాశాలను పరిశీలించడానికి స్కాట్లాండు ప్రభుత్వం నియమించిన కార్యబృందం 2023లో నివేదిక సమర్పించింది.

== ఇతర దేశాలలో ==

'''ఐర్లాండు''': ఐరిష్ మాట్లాడే ప్రాంతాల ఆర్థికాభివృద్ధి కోసం 1980లో ఉడరాస్ న గేల్టఖ్త అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. పరిశ్రమలను ప్రోత్సహించడం, భాషను కాపాడటం రెండూ దాని బాధ్యతలే. 1996లో ప్రారంభమైన ఐరిష్ టెలివిజన్ ఛానల్ ప్రధాన కార్యాలయాన్ని పడమటి తీరంలోని కొన్నెమారా ప్రాంతంలో ఉంచారు. వేసవిలో నగరాల విద్యార్థులు ఐరిష్ నేర్చుకోవడానికి ఈ ప్రాంతాలకు వచ్చి అక్కడి కుటుంబాల ఇళ్ళలో ఉంటారు. ఆ కుటుంబాలకు ఇది ముఖ్యమైన ఆదాయం. భాష ఇంట్లో ఉంటేనే ఆ ఆదాయం వస్తుంది.

'''కెనడా''': కొండసీమ నుండి వలస వెళ్ళినవారు స్థిరపడిన నోవా స్కోషియా రాష్ట్రంలోని కేప్ బ్రెటన్ దీవిలో 1938లో గేలిక్ కళాశాల స్థాపించబడింది. 1997 నుండి అక్కడ ప్రతి అక్టోబరులో కెల్టిక్ కలర్స్ సంగీతోత్సవం జరుగుతున్నది. బొగ్గు, ఉక్కు పరిశ్రమలు మూతపడిన ఆ దీవికి సాంస్కృతిక పర్యాటకం ఒక ఆధారమయింది.

== తెలుగువారితో సంబంధం ==

కైఫీయత్తుల సేకరణ ద్వారా తెలుగువారికి సుపరిచితుడైన కాలిన్ మెకంజీ (మ. 1821) స్టోర్నోవే పట్టణంలో జన్మించాడు. కావలి వెంకట బొర్రయ్య, కావలి వెంకట లక్ష్మయ్య మొదలైనవారి సహాయంతో ఆయన ఆంధ్రదేశపు గ్రామచరిత్రలను, శాసనాలను సేకరింపజేశాడు. 2017లో స్టోర్నోవేలో మెకంజీ సేకరణలపై ఒక ప్రదర్శన జరిగింది.

== ఇవి కూడా చూడండి ==

* కెల్టిక్ భాషలు
* స్కాట్లాండు
* హెబ్రిడీస్ దీవులు
* అంతరించిపోతున్న భాషలు
* కాలిన్ మెకంజీ
* మెకంజీ కైఫీయత్తులు